ఒక్క ప్రతి చాలదు

‘క్లౌడ్’ అనగా మేఘము. ఆ పేరు వినగానే ఆకాశము స్ఫురించును. కాని నేడు ఆ పేరుతో వ్యవహరింపబడు నిల్వ ఆకాశమున లేదు. భూమిమీదనే, పెద్ద పెద్ద భవనములలో, రేయింబవళ్లు నడచు వేలకొలది కంప్యూటర్లలో ఉన్నది. ఫోనునుండి పంపిన ఛాయాచిత్రములు, వ్రాతలు, పత్రములు అంతర్జాలము ద్వారా అచ్చటికి చేరును. కోరినప్పుడు ఏ యూరినుండియైనను తిరిగి లభించును. ఫోను పోయినను ఫైలు పోదు. దూరదేశమున నున్న బంధువునకు క్షణములో చూపవచ్చును. ఇట్టి సౌకర్యమును కాదనుట అవివేకము. దానినొక్కదానినే నమ్మి తక్కిన ప్రతులను తుడిచివేయుట అంతకంటె అవివేకము.

దక్షిణ కొరియా దేశమున ప్రభుత్వోద్యోగులు తమ పత్రములను ‘జీ-డ్రైవ్’ అను ప్రభుత్వ క్లౌడులో దాచుచుండిరి. 2025 సెప్టెంబరు 26వ తేదీన డేజియోన్ నగరమునందలి ప్రభుత్వ సమాచార కేంద్రములో బ్యాటరీనుండి మంటలు లేచెను. 858 టెరాబైట్ల సమాచారము నశించెను. మఱియొకచోట దానికి ప్రతి లేదు. నిల్వ మిక్కిలి పెద్దదగుటచే ప్రతి తీయలేదని అధికారులు చెప్పిరి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ఫలమేమి? ఒక ప్రభుత్వమునకే ఇట్టి నష్టము వాటిల్లినప్పుడు సామాన్యుల మాట చెప్పనేల?

తెలుగువారికి ఈ నీతి క్రొత్తది కాదు. తాటియాకులకు చెదలు, నిప్పు, వాన శత్రువులు. అయినను ప్రాచీన కావ్యములు నేటివారికి దక్కినవి. వ్రాయసకాండ్రు ప్రతినిచూచి ప్రతి వ్రాయుటచే, ఒక యింట చెదలు తిన్న గ్రంథము మఱియొక యింట నిలిచెను. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులు సేకరించి, కడపలోని తన బంగళాలో పండితులచే సరిపోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ప్రతులు పలుచోట్ల నుండుటచేతనే ఆ కార్యము సాధ్యమయ్యెను.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఫోను, క్లౌడు ఎల్లప్పుడు ఒకదానితో నొకటి సరిచూచుకొను ఏర్పాటున్నచో, ఒకచోట చెరిపినది రెండవచోటను చెరిగిపోవును. అది నిజమైన రెండవ ప్రతి కాదు. అందుచేతనే ముఖ్యమైనవాటికి మూడు ప్రతులుండవలెననియు, అవి రెండు విధములైన సాధనములలో ఉండవలెననియు, ఒకటి వేరొక తావున నుండవలెననియు నిపుణులు చెప్పుదురు. ఒకటి కంప్యూటరులో, ఒకటి విడిగా దాచిన డిస్కులో, ఒకటి క్లౌడులో ఉన్నచో ఈ నియమము నెరవేరును. ఇతరులతో పంచుకొనునప్పుడు సైతము ఎవరు చూడవచ్చునో నిర్ణయించియే పంపవలెను. లింకు తెలిసిన ప్రతివాడును తెరువగలిగినచో అది తలుపు తీసిన ఇల్లే యగును.

చెడిన ఫోనునకు బదులు మఱియొకటి అంగడిలో దొరకును. తాతగారి ఒకేయొక ఛాయాచిత్రము, అమ్మమ్మ పాడిన పాట ఏ అంగడిలోను దొరకవు. కావున విద్యార్థులు అట్టివాటికి నేడే రెండవ ప్రతి తీసి, వేరొకచోట భద్రపఱచుట మేలు.