పండగ వంట కాంట్రాక్టుకి ఇవ్వకండి



శ్రీరామనవమి భోజనాలు ఈసారి కూడా కేటరింగుకే ఇచ్చేద్దాం అని చాలా ఊళ్ళలో అనుకుంటున్నారు. వద్దని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్ళాలి.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం. అందులో స్క్రాంటన్, పిట్స్‌టన్ చుట్టుపక్కలన్నీ ఒకప్పుడు బొగ్గు గనుల ఊళ్ళు. పోలండ్, స్లొవేకియా, లిథువేనియా, ఇటలీ, ఐర్లాండ్ నుంచి పనికి వచ్చినవాళ్ళు ఎవరికి వాళ్ళు కేథలిక్ చర్చిలు కట్టుకున్నారు. ఎండాకాలం వస్తే చర్చి ఆవరణలో కొన్ని రోజులు బజారు పెడతారు. మన తిరనాళ్ళ లాంటిదే అనుకోండి. మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేసేటప్పుడు వెళ్ళి నేనూ చూశాను.

బంగాళాదుంప తురిమి, ఉల్లిపాయ, గుడ్డు, పిండి కలిపి నూనెలో కాల్చే అట్లు అక్కడ బాగా అమ్ముడుపోతాయి. క్యాబేజీ, నూడుల్స్ వెన్నలో వేయించి హలుష్కీ అంటారు. బంగాళాదుంప, చీజు పెట్టి మన కజ్జికాయలా అంచు నొక్కేవి పిరోగీలు. ఇవన్నీ చేసేది వాలంటీర్లే. ఆ మాటకి మన దగ్గర వేరే అర్థం వచ్చేసింది గానీ, అక్కడ వీళ్ళకి గౌరవ వేతనం కూడా లేదు. నేను చూసినచోట జులై ఎండలో నూనె పెనం ముందు నిలబడింది డెబ్బై దాటిన ఆడవాళ్ళు. ఒకాయన పని చెత్త డబ్బాలు మార్చడమే. ఒకరు టిక్కెట్లు, ఒకరు కార్లు పెట్టించడం, ఇంకొకరు దాతలిచ్చిన సామాన్లు బుట్టలకి సర్ది లాటరీ తీయడం. వచ్చిన డబ్బు చర్చి ఖర్చులకి.

అక్కడా కష్టం వచ్చింది. 1959 జనవరి 22న పిట్స్‌టన్ దగ్గర నాక్స్ గనిలోకి సస్కెహానా నది విరుచుకుపడి 12 మంది చనిపోయారు. ముందే తగ్గుతూ వస్తున్న గని పని ఆ దెబ్బతో అక్కడ దాదాపు ఆగిపోయింది. పిల్లలు పని వెతుక్కుంటూ వేరే ఊళ్ళకి పోయారు. జనం తగ్గారు, ఫాదర్లు తగ్గారు, చాలా చర్చిలు మూసి పక్కవాటిలో కలిపేశారు. మిగిలినచోట ఇప్పుడు బెంగ ఒక్కటే, ఈ పెద్దవాళ్ళ తర్వాత పెనం ముందు ఎవరు నిలబడతారని. మన ఊళ్ళ సంగతి వేరేగా ఉందా చెప్పండి?

తీరిక ఎక్కడిది, దాళ్వా కోతలు నెత్తిమీద ఉంటాయి అంటారు. నిజమే. అక్కడివాళ్ళూ పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం రెండు మూడు గంటలు వచ్చి వెళ్ళేవాళ్ళే. ఎవరి గంటలు వాళ్ళకి ముందే రాసిపెడతారు, అందుకే భారం ఒక్కరి మీద పడదు.

కేటరింగుకి ఇస్తే పని తేలిక, ఒప్పుకుంటాను. కానీ సొంత ఊరి పండగకి మనం చుట్టపుచూపుగా వెళ్ళి తిని వచ్చేస్తాం. ఉప్పు తగ్గితే కాంట్రాక్టర్ని తిడతాం. గరిటె మన పక్కింటివాడి చేతిలో ఉంటే సర్దుకుంటాం. ఇది ఒక్క భోజనాల సంగతి కాదు. అర్ధరాత్రి చెరువు గట్టు తెగితే ఇసుక బస్తా మొయ్యడానికి కాంట్రాక్టర్ రాడు. కేకేస్తే పదిమంది లేచి రావాలి. ఆ అలవాటు ఇలాంటి పండగ పనుల దగ్గరే పడుతుంది. చందా రాసి చేతులు దులుపుకుంటే పడదు.

నా సలహా ఇది. అన్నీ ఒక్కసారి వద్దు. ఈసారి పందిరి, పానకం వడపప్పు, వడ్డన, ఈ మూడూ మనమే పెట్టుకుందాం. మనిషికి రెండు గంటల చొప్పున పేర్లు రాసి రామాలయం గోడకి అంటిద్దాం. కులం, వీధి చూడకుండా రాద్దాం. వెయ్యి మందికి పులిహోర కలిపే కొలత తెలిసినవాళ్ళు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు. వాళ్ళు తిరగగలిగినప్పుడే ఒక్కొక్కరి పక్కన ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి నిలబెట్టండి. కొలత కాగితం మీద రాసుకుంటే రాదు, పక్కన నిలబడి కలిపితేనే వస్తుంది.