నూట ఎనిమిది తరువాత

2025 జూన్ 20న విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్ ప్రాంగణమున 20 వేలమందికి పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషములలో 108 సూర్యనమస్కారములు ఆచరించి గిన్నిస్ పుటల కెక్కిరి. ఆనందింపదగినదే. కాని మరునాటి ఉదయమో?

అరకులోయలో మంచు తొలగకమునుపే ఆశ్రమ పాఠశాల ఆవరణలో పిల్లలతోబాటు తానును శ్వాసను గమనించుచు నిలుచు యోగాచార్యునకు కరతాళధ్వనులు లేవు, లెక్కించువారును లేరు. పతంజలి మహర్షి దృఢమైన అభ్యాసమునకు చెప్పిన లక్షణములు మూడు: దీర్ఘకాలము, ఎడతెగనితనము, ఆదరము. సంఖ్య అందులో లేదు.

అర్చకునిగా నేనెరిగిన సత్యమును ఇదియే. రథోత్సవమునాడు వేలమంది వత్తురు. నిత్యదీపము వెలిగించువాడు ఒక్కడే. ఆ పనియందు అతనికి గల సంతోషమే ఆలయమును నిలుపును. కనుక ప్రభువులారా, కొండపై ప్రతి పాఠశాలకు అట్టి గురువు నొకని నిత్యముగ నిలుపుడు. ఆ పిల్లలకు రికార్డుకన్న అదియే శ్రేయస్సు.

శుభం భూయాత్.