చిల్లిగవ్వ విలువ చేయని సంగతులు

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుడని సంపాదకులు కోరినప్పుడు, దేనిని గూర్చి వ్రాయుదుమా యని మేము మూడు దినములు యోచించితిమి. విద్యయొక్క ప్రయోజనమును గూర్చి ప్రతి సంవత్సరము ఎవరో యొకరు వ్రాయుచునే యున్నారు. క్రమశిక్షణను గూర్చి వ్రాయువారికిని కొదువ లేదు; దానిని పాటించువారికే కొదువ. కావున ఆ పెద్ద విషయములను పెద్దలకు విడిచి, మన యింటను, వీధిని, బస్సులోను దినదినము తారసపడు కొన్ని చిన్న సంగతులను ఇచట ముచ్చటింప దలచితిమి.

మా యెన్నికను విని సహోపాధ్యాయులొకరు నవ్వి, "ఇవి చిల్లిగవ్వ విలువ చేయవు" అనిరి. వారు తెలియకయే మాకు మొదటి సంగతిని సమకూర్చిరి. చిల్లిగవ్వకు విలువ లేదన్నచో, చిల్లి లేని గవ్వకు ఏదో కొంత విలువ యుండవలెను గదా! ఉండెను కూడ. గవ్వలు ఒకప్పుడు మన దేశమున చిల్లర నాణెములుగా చెల్లినవి. అవి మాల్దీవులనుండి ఓడలలో బంగాళమునకు వచ్చెడివి. 18వ శతాబ్దపు కడపటి భాగమున, నేడు బంగ్లాదేశములో నున్న సిల్హెట్టు ప్రాంతమున, ఈస్టిండియా కంపెనీవారు భూమిశిస్తును గవ్వల రూపముననే పుచ్చుకొనిరి. రూపాయికి 5,120 గవ్వలు. ఆ సీమ శిస్తు రెండున్నర లక్షల రూపాయలు. మొత్తము గవ్వలెన్నియో లెక్కించు పనిని ఎనిమిదవ తరగతి వారికి విడిచితిమి. లెక్క ముగిసిన పిమ్మట, వానిని మోయుటకు ఎన్ని పడవలు కావలసెనో కూడ వారు ఊహింపవచ్చును. ఇక "నా చేత చిల్లిగవ్వ లేదు" అను విద్యార్థి, తాను వర్తకచరిత్రలోని ఒక అధ్యాయమును పలుకుచున్నట్లు ఎరుగునా?

రెండవ సంగతి మన హాజరుపట్టికలోనే యున్నది. "యాదగిరి" యని ఒక్కసారి పిలిచిన ఇద్దరు ముగ్గురు లేచి నిలుచుట ఉపాధ్యాయులందరు ఎరిగినదే. యాదయ్యలు, యాదమ్మలు వేరు. తల్లిదండ్రుల సమావేశమున పిలిచితిమా, సగము సభ లేచును. ఇన్ని పేర్లకు మూలమైన యాదగిరిగుట్ట పేరును ఒకమారు విడదీసి చూడుడు. యాదమహర్షి తపము చేసిన తావని స్థలపురాణము చెప్పును. తరువాతి "గిరి" యన్నను గుట్టయే. ఆపై "గుట్ట" యన్నను గుట్టయే. అనగా సంస్కృతమున ఒకమారు, తెలుగున ఒకమారు చెప్పి, వినువానికి సందేహము లేకుండ చేసితిమి. నడుమ కొన్ని సంవత్సరములు "యాదాద్రి" యను పేరు వాడుకలో నుండెను. 2024 నవంబరులో మరల యాదగిరిగుట్ట యనియే వ్యవహరింపవలెనని ముఖ్యమంత్రి ప్రకటించిరి. "అద్రి" యన్నను గుట్టయే. 2016లో నల్లగొండనుండి వేరుపడిన జిల్లాకు "యాదాద్రి భువనగిరి" యని పేరు పెట్టినప్పుడు, ఒక్క పేరులో అద్రియు గిరియు రెండును చేరినవి. వేరుపడిన నల్లగొండలో "కొండ" ముందే యున్నది. పేర్లు ఎన్ని మారినను గుట్ట మాత్రము తన చోటు వదలలేదు.

ఇట్లు ఒకే అర్థమును రెండు భాషలలో చెప్పుట మనకు అలవాటే. "నడిమధ్య" యందుము, నడి తెలుగు, మధ్య సంస్కృతము. "బ్రెడ్డురొట్టె" యందుము, కొనునది మాత్రము ఒక్కటియే. దీనిని తప్పని మేము దిద్దబోము. రెండు భాషలవారు ఒకే ఊర కలిసి బ్రదికినారనుటకు ఇట్టి మాటలే సాక్ష్యములు.

మూడవ సంగతి గంపలోనిది. దసరా దినములలో బస్సు ఆగినచోటనెల్ల సీతాఫలముల గంపలు కనబడును. మన గుట్టలపై ఎవరును నాటకయే పెరుగు ఈ చెట్టును, పేరును బట్టి త్రేతాయుగము నాటిదని తలచువారు కలరు. కాని సీతాఫలము పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతము. రామాఫలమును ఆ వంశపుదే. సీమచింత మెక్సికో వైపునుండి వచ్చినది. పేరులోని "సీమ" యను మాట దాని పరదేశపు పుట్టుకను దాచలేదు. అంతకంటె వింత మిరపకాయ. పోర్చుగీసువారి ఓడలు మన తీరములు చేరిన పిమ్మటనే, అనగా 1498 తరువాతనే, అది ఈ దేశమున అడుగిడినది. అంతకు పూర్వము మనవారి కారము మిరియములనుండియే. ఓరుగల్లు కోటలో కాకతీయ ప్రతాపరుద్రుడు ఏలిన దినములలో ఎంతటి రాజబంధువునకైనను మిరపకాయ పచ్చడి దొరకి యుండదు. నేడు అది లేనిదే మనకు ముద్ద దిగదు. కావున "ఇది మాది, అది పరాయిది" అని పోట్లాడువారు మొదట తమ విస్తరివైపు చూచుకొనుట మేలు.

నాల్గవ సంగతి పెట్టె అడుగున దొరకినది. ఒక బాలుడు తన తాతగారి భూమికి సంబంధించిన పాత కాగితమును తెచ్చి, "సార్, ఇది 1350వ సంవత్సరపుది! మా భూమి కాకతీయుల నాటిదా?" యని గొప్ప సంతోషముతో అడిగెను. ఓరుగల్లు పతనము 1323లో గనుక బాలుని చరిత్రజ్ఞానము దాదాపు సరియైనదే. కాని ఆ కాగితముపై నున్నది ఫసలీ సంవత్సరము. పంట యను అర్థముగల అరబ్బీ మాటనుండి పుట్టిన ఆ లెక్క నిజాం రాజ్యమున శిస్తు వ్యవహారములన్నిటికి ఆధారము. ఫసలీకి 590 కలిపినచో మన వాడుక సంవత్సరము వచ్చును. అనగా 1350 ఫసలీ 1940-41 అయినది. బాలుని ముఖము కొంత చిన్నబోయెను. మేము వానితో, "ఆరు వందల ఏండ్లు పోయిన పోనిమ్ము, కాగితమును మాత్రము పోగొట్టుకొనకుము" అని చెప్పితిమి. భూమి తగవులు ఎట్టివో తెలిసిన తల్లిదండ్రులు ఈ మాట విలువను ఎరుగుదురు.

అయిదవది బంగారపు సంగతి. ఒక అవ్వ తన పెండ్లినాటి మూడు తులముల గొలుసును మనుమరాలి క్రొత్త మూడు తులముల గొలుసుతో పోల్చి, "అంగడివాడు ముంచిండు" అని కేకలు వేసెను. తూచి చూడగా తేడా నిజమే, అయిదు గ్రాములు. అయినను ఎవరును ముంచలేదు. పాత తులము 11.66 గ్రాములు, నేడు మన ప్రాంతపు వాడుకలో పది గ్రాములనే తులమనుచున్నారు. మాట మారలేదు, దానిలోని బంగారమే తగ్గినది.

ఇచట ఒక హెచ్చరిక. వింతగా నున్నదెల్ల నిజము కాదు. పెండ్లిలో నూటపదహారు రూపాయలు చదివించు ఆచారమును గూర్చి ఒక చక్కని కథ వాడుకలో నున్నది. నిజాం వారి హాలీ రూపాయలు ఇంచుమించు 116 ఇచ్చినచో ఇంగ్లీషు వారి రూపాయలు 100 వచ్చెడివి గనుక, ఆ సంఖ్య అందుండి పుట్టినదందురు. మారకపు లెక్క నిజమే. ఏడు హాలీలకు ఆరు కల్దారు రూపాయలు. కాని హాలీ నాణెము చెల్లని కోస్తా జిల్లాలలో సైతము నూటపదహార్లు ఇచ్చుచుండిరి గదా! లెక్క కుదిరినంతమాత్రమున కథ రుజువు కాదు. వింతను విన్నప్పుడు సంతోషింపుడు. నమ్ముటకు ముందు రెండు ప్రశ్నలు వేయుడు.

ఇంతవరకు చదివినవారు, "వినుటకు బాగుగనే యున్నవి, వీనివలన ప్రయోజనమేమి?" యని అడుగవచ్చును. దానికి ప్రత్యుత్తరముగా మా అవమానము నొకదానిని చెప్పక తప్పదు.

మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఇంటి పైకప్పు బాగుచేయుటకు ఏబది వేల రూపాయలు కావలసివచ్చెను. బ్యాంకున విచారింపగా వడ్డీ నూటికి పన్నెండనిరి. ఊరిలో అప్పులిచ్చు పెద్దమనిషి "మనకు రెండు రూపాయల మిత్తియే" అనెను. పన్నెండుకంటె రెండు చిన్నదని ఒకటవ తరగతి పిల్లవాడును చెప్పును. బాల్యమంతయు వసతిగృహములలో గడపి, అప్పు మాటలు చెవిని పడక పెరిగిన మేము, మా తెలివికి మేమే మెచ్చుకొని, కాగితము చదువకయే సంతకము చేసితిమి. సంవత్సరాంతమున వడ్డీ క్రింద వేయి రూపాయలు కవరులో పెట్టుకొని పోయితిమి. ఆయన లెక్క పన్నెండు వేలని తేలెను.

ఆయన మోసము చేయలేదు. నూటికి, నెలకు, రెండు రూపాయలని పత్రమున స్పష్టముగనే యుండెను. వాడిన ముఖముతో ఇల్లు చేరు మమ్ము చూచి, కూరగాయలమ్ము అవ్వ సంగతి అడిగి తెలిసికొని, వ్రేళ్ళ కణుపులు లెక్కించుచు, "నెలకు రెండంటే ఏడాదికి ఇర్వైనాలుగు గద సారూ! గిది గూడ ఎర్కలేదా?" అనెను. పట్టా పుచ్చుకొన్న మాకు రాని లెక్క, బడి మొగము చూడని ఆ యవ్వకు వచ్చును. బ్యాంకున తీసికొని యున్నచో ఆరు వేలతో పోయెడిది. తక్కిన ఆరు వేలు ఆ యొక్క పాఠమునకు మేము చెల్లించిన రుసుము.

నాటినుండి మేము పావలాను కూడ చులకనగా చూడలేదు. 2004 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మహిళా సంఘములకు "పావలా వడ్డీ" యని ప్రకటించినప్పుడు, అది నూటికి నెలకు పావలా, సంవత్సరమునకు మూడు రూపాయలు అని వెంటనే గ్రహించితిమి. 1957 ఏప్రిల్ 1వ తేదీన అణాలు పోయి నూరు పైసల రూపాయి వచ్చినది. 2011 జూన్ 30న పావలా నాణెము చెల్లుబాటు ముగిసినది. నాణెము పోయినను మాట నిలిచినది. ఆ మాట అర్థము కానివాని యిల్లు నిలుచుటయే కష్టము.

"నేడు చేతిలోని ఫోనును అడిగిన సమస్తము చెప్పును గదా" యందురేమో. చెప్పును. కాని అడుగవలెనని తోచినవానికే చెప్పును. ఆ దినమున మేము రెండు రూపాయలన్న నేమియో ఎవరినైనను అడిగి యుండవచ్చును. తెలియదని మాకు తెలియకపోవుటచే అడుగలేదు. మీ పెట్టెలోని పాత కాగితమును గూర్చియు, మీ అవ్వ గొలుసును గూర్చియు ఫోను తనంతట వచ్చి చెప్పదు. చెప్పగలవారు మీ యింటి అరుగుమీద కూర్చుండి యున్నారు. వారు ఎల్లకాలము అచట నుండరు.

కావున విద్యార్థులారా, మా యభిప్రాయము ఇది. లోకములో మిక్కిలి ఎత్తయిన పర్వతమేదో, మిక్కిలి పొడవైన నది యేదో మీరు నేర్చుకొనుట మంచిదే, బహుమతులు వచ్చును. కాని మీ నోట దినము ఆడు మాటల అర్థమును, మీ యింట నడచు లెక్కలను ఎరుగకుండుట విద్యకు లోపము. ఈ వేసవి సెలవులలో ఒక పాత నోటుపుస్తకము తీసికొనుడు. దినమునకు ఒక్క సంగతి చొప్పున అవ్వతాతల నడిగి వ్రాసికొనుడు. మానికకు ఎన్ని సోలలు? ఎకరమునకు నలువది గుంటలైనచో, గుంటకు 121 చదరపు గజములేల? వ్రాసిన పిమ్మట లెక్క కట్టి సరిచూడుడు. తల్లిదండ్రులారా, పిల్లలు అడుగునప్పుడు "పోయి చదువుకొనుము" అని కసరకుడు. వారు చేయుచున్నది చదువే.

సెలవులు ముగిసిన పిమ్మట ఆ పుస్తకములను మాకు చూపుడు. అందు చిల్లిగవ్వ విలువ చేయని సంగతి యొక్కటి కనబడినను, దానిని కనిపెట్టినవానికి మిరపకాయ బజ్జీలు మా ఖర్చున ఇప్పింతుము. ఆ ఖర్చు మాకు పడునని మాత్రము మేము తలంపము.