గురి తప్పిన కటకం

నా 50 మిల్లీమీటర్ల ప్రైమ్ లెన్సుకు ఈమధ్య చూపు నిలవడం లేదు. మీట సగం నొక్కగానే ముందుకూ వెనక్కూ తడుముకొని, చివరకు చెవి దగ్గర ఆగుతోంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్ 1.8 వద్ద, మీటరు దూరాన స్పష్టత నిలిచే లోతు సుమారు 4 సెంటీమీటర్లే. కన్నుకు బదులు చెవి దొరికితే ముఖం పోయినట్లే. అమ్మమ్మ చిత్రాలన్నీ అలాగే పోయాయి.

మరమ్మతు ఖర్చుకు కొత్తదే వస్తుందట! గాజుపై గీతైనా లేదు. చెడినది లోపలి మోటారు మాత్రమే.

చేత్తో తిప్పుకోవచ్చు కదా అంటారా? పాత ఫిల్ము ఎస్సెల్లార్లు అనేకంలో బొమ్మ నడుమ రెండు ముక్కలుగా కనిపించేది. ముక్కలు కలిస్తే గురి కుదిరినట్లు. ఆటోఫోకస్ వచ్చాక చాలా కెమెరాల్లో ఆ ఏర్పాటు తొలగించారు. సౌకర్యం ఇచ్చినందుకు అభ్యంతరం లేదు, ఉన్న ఆసరాను తీసివేయడమే అన్యాయం.

ఆదివారం అమ్మమ్మను మళ్ళీ కూర్చోబెట్టి, రింగు నేనే తిప్పుతాను. ఆవిడ కదలకుండా ఉంటారన్న నమ్మకం మాత్రం లేదు.