మెడనొప్పికి మందు యంత్రములో లేదు

మెడనొప్పితో వైద్యశాలకు పోయినవారు మన పట్టణములలో సాధారణముగా మూడింటిని వెంటబెట్టుకొని తిరిగి వచ్చుచుందురు: ఎముక అరిగినదని చూపు ఎక్స్‌రే, మెడను కదలనీయని పట్టీ, పది దినములు కరెంటు పెట్టించుకొమ్మను చీటి. ఫిజియోథెరపీ యను విద్యకు ప్రాణమైన వ్యాయామశిక్షణ మాత్రము ఆ చీటి అడుగున ఒక్క ముక్కగా మిగిలిపోవుచున్నది. దానిని ఎట్లు చేయవలెనో, ఎన్ని మారులు చేయవలెనో, చేయునప్పుడు నొప్పి కలిగినచో ఏమనుకొనవలెనో చెప్పు తీరిక ఎవ్వరికిని ఉండదు. చీటిలో చివర నున్న ఆ ముక్క మొదటికి రావలెననియు, మొదట నున్న పట్టీయు యంత్రమును చివరకు పోవలెననియు నా వాదము.

సుమారు 5 కిలోల బరువుగల శిరస్సును ఏడు చిన్న పూసలు మోయుచున్నవి. అందు మొదటి రెండును విలక్షణమైనవి. తలను ప్రక్కలకు త్రిప్పుటలో ఇంచుమించు సగము వాని నడుమనే జరుగును. తక్కిన పూసల మధ్య మెత్తని డిస్కులును, ఆ పూసల సందులనుండి భుజములకు, చేతులకు దిగు నరములును కలవు. మెడ వెనుకను, భుజములపైనను చేతికి తగులు పెద్ద కండరములను అందరును ఎరుగుదురు. కాని గొంతునకు వెనుకగా, పూసలను అంటిపెట్టుకొని, లోతున ఉండు సన్నని కండరములు వేరుగా కలవు. తలను నిలకడగా పట్టియుంచు పని ముఖ్యముగా వానిది. మెడనొప్పి చిరకాలము ఉన్నవారిలో ఈ లోపలి కండరములు తరచుగా బలము తగ్గి, వాని భారము పై కండరములపై పడును. సాయంకాలమగునప్పటికి భుజములు రాయివలె గట్టిపడినవని చాలమంది చెప్పుకొనుటకు ఇది యొక కారణము.

ఇక అరుగుదలను గూర్చి. జపానులో ఏ మెడబాధయు లేని 1,211 మందికి ఎమ్మారై తీసి, ఆ ఫలితములను 2015లో ప్రకటించిరి. వారిలో నూటికి 87 మందికి పైగా డిస్కులు ఉబ్బియే యున్నవి. ఇరువది యేండ్ల ప్రాయమువారిలో సైతము అధికసంఖ్యాకులు అట్టివారే. నాలుగు తరములు త్రొక్కిన గడప నడుమ అరిగియుండును, అంతమాత్రమున ఇల్లు కూలునని ఎవ్వరును భయపడరు. అయినను, ఫిల్ము వెలుతురునకు ఎత్తి చూపి "ఎముక అరిగినది, గ్యాపు వచ్చినది" అని చెప్పగా విన్న నలువది యేండ్ల మనుష్యుడు ఆనాటినుండి బిందె ఎత్తుట మానును, తల త్రిప్పుట మానును, బిడ్డను ఎత్తుకొనుటకు జంకును. కదలక పోవుటచేత కండరము క్షీణించును, కండరము క్షీణించుటచేత నొప్పి నిలుచును, నొప్పి నిలుచుటచేత అరుగుదల ముదిరినదని అతడు నమ్మును. ఫిల్ము చేయని హాని భయము చేయును.

ఈ బాధ కొద్దిమందిది కాదు. 2020లో ప్రపంచమున 20 కోట్లకు పైగా జనులు మెడనొప్పితో నుండిరని అంచనా. మన పత్రికలలో మాత్రము ఇది హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల జబ్బుగను, సెల్‌ఫోను శాపముగను వర్ణింపబడుచున్నది. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీని చూడుడు: ఒడిలో చాట, చేత కత్తెర; తునికాకును కొలతకు కోయుట, పొగాకు పోసి చుట్టుట, కొన మడిచి దారము కట్టుట — ఈ మూడు పనులలోను చూపు చాటను వదలదు, మెడ పైకి లేవదు. పోచంపల్లి మగ్గము ముందు కూర్చున్న నేతగానికిని, కుంపటి యొద్ద వంగిన కంసాలికిని సెల్‌ఫోను పుట్టకముందే ఈ బాధ తెలియును. వంగుట పాపము కాదు. ఏ భంగిమయైనను గంటల తరబడి మార్పులేక సాగుటయే కష్టము. నిటారుగా బిగదీసికొని కూర్చుండుట కూడ అట్టిదే. దీనికి నిద్రలేమియు, మనోవ్యాకులతయు తోడైనచో నొప్పి రెట్టించును.

"అరగంట కొకమారు లేచి తిరుగుము" అను సలహా నెలజీతగానికి సులభము. వెయ్యి బీడీల లెక్కన కూలి పుచ్చుకొను స్త్రీకి లేచిన ప్రతి నిమిషమును కూలిలో కోత. కావున కూర్చున్న చోటనే, చేతులు ఆగకుండ చేయదగిన కదలికలను ఆమెకు నేర్పవలసియున్నది. యంత్రము ఆమె పని యెరుగదు. నేర్పరియైన ఫిజియోథెరపిస్టు ఆమె చాటను చూచి, దానిని పీటపై నుంచి జానెడు ఎత్తు పెంచుమని చెప్పగలడు.

పట్టీని గూర్చి వైద్యలోకము చాలకాలము క్రిందటనే మనసు మార్చుకొన్నది. వాహన ప్రమాదములలో మెడ విదలింపబడి నొప్పి పడువారిని గూర్చి కెనడాలోని క్విబెక్ నిపుణుల సంఘము 1995లో ఇచ్చిన నివేదిక, ఎముక విరుగనివారిని పట్టీతో బిగించుటకంటె త్వరలో కదలించుటయే మేలని చెప్పినది. శస్త్రచికిత్స పిదప, ఎముక విరిగినప్పుడు పట్టీ అవసరమే. నెలల తరబడి అలవాటుగా ధరించుట మాత్రము తగదు. తడిప్యాడ్లు అంటించి చిమచిమలాడించు కరెంటు, కాపడము, మర్దన — ఇవి కొంత ఉపశమన మీయవచ్చును గాని, బలహీనమైన కండరమునకు బల మీయజాలవు. క్షౌరశాలలో తల పట్టుకొని ఠక్కున మెడ విరిపించుకొనుట ఎంతమాత్రము కూడదు. మెడపూసల రంధ్రములగుండ మెదడునకు పోవు రక్తనాళము చిరిగి పక్షవాతము వచ్చిన సందర్భములు కలవు.

మరి మేలు చేయునది యేది? ఫిన్లండులో చిరకాలపు మెడనొప్పిగల 180 మంది స్త్రీ ఉద్యోగులను మూడు తెగలుగా విభజించి ఏడాదిపాటు పరీక్షించి, 2003లో ఫలితములను వెల్లడించిరి. రబ్బరు పట్టీతోను, డంబెల్సుతోను మెడకు, భుజములకు బలము పెంచుకొన్నవారిలో నూటికి 73 మందికి, తేలికపాటి వ్యాయామములను హెచ్చు మారులు చేసినవారిలో 59 మందికి చాలవరకు గాని పూర్తిగా గాని నొప్పి తగ్గెను. కండరములను సాగదీయుట వంటి సామాన్య సలహాతో సరిపెట్టుకొన్నవారిలో 21 మందికే తగ్గెను. లోపలి కండరములకు చేయు అభ్యాసము చూచుటకు అతి స్వల్పము: వెల్లకిల పరుండి, తల ఎత్తక, "ఊఁ" అని ఒప్పుకొనునట్లు గడ్డమును మెల్లగా లోనికి వంచి, పది లెక్కించువరకు నిలిపి వదలవలెను, ఇట్లు పది మారులు. గొంతు ముందరి పెద్ద కండరములు బిగిసినచో పద్ధతి తప్పినట్లు. ఆ తప్పును కనిపెట్టి దిద్దుట కొరకే గురువు కావలెను. మొదటి దినములలో కొలదిగా నొప్పి కలిగినను హానిలేదు. ఫలము దినములలో గాక వారములలో, నెలలలో కనబడును.

అయినను అన్ని మెడనొప్పులును వ్యాయామముతో పోవునవి కావు. చేతి వ్రేళ్ళు మొద్దుబారి వస్తువులు జారిపోవుట, చొక్కా గుండీలు పెట్టుకొనలేకపోవుట, నడక తూలుట, మూత్రము అదుపు తప్పుట వెన్నుపాము నొక్కుకొనుటకు చిహ్నములు. జ్వరముతో, బరువు తగ్గుటతో, రాత్రియంతయు విడువని నొప్పి క్షయ మొదలగు వ్యాధులను సూచింపవచ్చును. పడిపోయిన పిదప కలిగిన తీవ్రమైన నొప్పియు, చెమటతో దవడకు, ఎడమచేతికి ప్రాకు నొప్పియు తక్షణమే వైద్యునికి చూపింపదగినవి.

ఇందులో ప్రభుత్వము చేయవలసిన పని కలదు. అనుబంధ ఆరోగ్యవృత్తుల కొరకు కేంద్రము 2021లో చట్టము చేసి, ఫిజియోథెరపీని అందులో చేర్చినది. శిక్షణకు ప్రమాణములు ఏర్పడుట మంచిదే. కాని ఆరోగ్యబీమాలు సాధారణముగా ఆసుపత్రిలో పరుండినవారి ఖర్చునే భరించును; శస్త్రచికిత్సకు లక్ష లభించును, దానిని తప్పింపగల ఆరు వారముల శిక్షణకు నూరు రూపాయలును లభింపవు. నలుగురిని యంత్రములకు తగిలించి చూచుకొనుటకు ఒక్కడు చాలును, వ్యాయామము నేర్పుటకు ఒక్కొక్కరి యెదుట అరగంట కూర్చుండవలెను. రుసుము యంత్రమునకే వచ్చుచున్నంత కాలము చికిత్స యంత్రమువైపే మొగ్గును. శిక్షణకు బీమా చెల్లింపును, ప్రాంతీయ ఆసుపత్రులలో ఫిజియోథెరపిస్టుల కొలువులును, బీడీ, చేనేత కేంద్రములకు వారు నియమముగా పోయి నేర్పు ఏర్పాటును ఉన్ననాడు ఈ మొగ్గు మారును. అంతవరకు రోగి చేతిలో నున్నది ఒక్క ప్రశ్న: "ఇంటి యొద్ద నేను చేయవలసినది నాకు నేర్పుదురా?" సరియైన సమాధానము రానిచోట పది దినముల కరెంటునకు డబ్బు కట్టక, నేర్పువారిని వెదకికొనుట ఉత్తమము.