పొంగే షర్బత్, పిల్లల ప్రాజెక్టు

"అమ్మా, ఎల్లుండికి సైన్సు ప్రాజెక్టు తీసుకెళ్లాలి!" ఈ మాట వినబడని ఇల్లుందా చెప్పండి? వినగానే మనం హడావిడి పడిపోయి షాపుకెళ్లి థర్మోకోలు, రంగు కాగితాలు, చార్టులు కొని తెస్తాం. రాత్రి పదకొండింటిదాకా కూర్చుని కత్తిరించేదీ, అతికించేదీ మనమే. పిల్లలేమో హాయిగా నిద్రపోతారు. మర్నాడు టీచరు "ఇది ఎలా పనిచేస్తుంది?" అని ఒక్క ప్రశ్న వేస్తే పాపం బిక్కమొహం వేస్తారు. మార్కులు వస్తే రావచ్చుగాని, పిల్లలకి వచ్చిందేమిటి?

అందుకే ఈ వారం వంటింట్లో ఉన్న వస్తువులతో, పిల్లలే చేసి పిల్లలే చెప్పగలిగే ప్రాజెక్టు ఒకటి చూద్దాం. అదే నురగలు పొంగే నిమ్మ షర్బత్. ఖర్చు పెద్దగా లేదు, చివర్లో తాగేయొచ్చు కూడా!

కావలసినవి (ఒక గ్లాసుకి):
చల్లటి నీళ్లు - అర గ్లాసు
నిమ్మకాయ - పెద్దది 1
పంచదార - 2 టీ చెంచాలు
వంటసోడా - పావు టీ చెంచాలో సగం

చేసే విధానం:
ముందు నీళ్లలో పంచదార వేసి పూర్తిగా కరిగేదాకా కలపాలి. నిమ్మకాయ పిండి, గింజలు తీసేసి ఆ రసం కలపాలి. గ్లాసుని ఒక పళ్లెంలో పెట్టి, అప్పుడు సోడా వేసి చెంచాతో ఒక్కసారి తిప్పాలి. బుస్సుమంటూ తెల్లటి నురగ పైకి లేస్తుంది. అందుకే నీళ్లు అర గ్లాసుకి మించి పోయొద్దన్నాను. ఈ నురగ కాసేపట్లోనే దిగిపోతుంది కాబట్టి సోడా ఎప్పుడూ చివర్లోనే వేయాలి. ఉప్పు వేయక్కర్లేదు, సోడాకే కాస్త ఉప్పదనం ఉంటుంది. సోడా ఎక్కువైతే చప్పగా, సబ్బునీళ్లలా ఉండి పిల్లలు ముట్టుకోరు. పంచదార బదులు రాయలసీమవాళ్లు ఇష్టపడే నన్నారి పాకం వేసినా రుచిగా ఉంటుంది.

ఎందుకు పొంగుతుంది?
నిమ్మరసంలో పులుపు ఉంది, అది ఆమ్లం. వంటసోడా క్షారం. రెండూ కలవగానే కార్బన్ డయాక్సైడు పుడుతుంది. పాత తెలుగు పుస్తకాల్లో దీన్నే బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఆ వాయువు నీళ్లలోంచి బయటికి వచ్చేటప్పుడు బుడగలు బుడగలుగా నురగ కడుతుంది. మనం బజ్జీల పిండిలో చిటికెడు సోడా వేస్తాం చూడండి, అక్కడ నూనె వేడికి సోడాలోంచి ఇదే వాయువు వచ్చి బజ్జీ గుల్లగా పొంగుతుంది. ఈ సంగతి చెబితే పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది.

అయితే షర్బత్ ఒక్కటీ చేసి ఊరుకుంటే అది వంట అవుతుందిగాని ప్రాజెక్టు కాదు. పక్కన మరో రెండు గ్లాసులు పెట్టించండి. ఒకదాంట్లో ఉత్త నీళ్లు, ఇంకోదాంట్లో పుల్లటి మజ్జిగ. మూడింటిలోనూ ఒకే కొలత సోడా వేయించండి. ఉత్త నీళ్లలో సోడా ఊరికే కరిగిపోతుంది. నిమ్మనీళ్లు ఒక్కసారిగా పొంగి, త్వరగానే చల్లబడతాయి. మజ్జిగ మెల్లగా పొంగినా నురగ చిక్కగా ఉండి ఎక్కువసేపు నిలుస్తుంది. పాలల్లో ఉండే మాంసకృత్తులు బుడగల్ని పట్టి ఉంచుతాయి మరి. చూసిన సంగతులు పిల్లల చేతే, వాళ్ల చేతిరాతతోనే చార్టు మీద రాయించండి. అక్షరాలు వంకరపోయినా ఫరవాలేదు, మీరు మాత్రం దిద్దకండి.

చార్టు కింద చిన్న చరిత్ర కూడా రాయించొచ్చు. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆయన, బీరు తయారుచేసే తొట్టెల మీద పేరుకునే ఈ వాయువునే నీళ్లలో కలిపి సోడానీళ్లు చేశాడు. మన గోలీసోడా బుడ్డికి పేటెంటు తీసుకున్నది హైరం కాడ్, 1872లో. లోపలి వాయువే గోలీని పైకి నెట్టి రబ్బరు చుట్టుకి బిగించి మూతలా పట్టి ఉంచుతుంది. బొమ్మ వేయడం పిల్లలకి సరదాగా ఉంటుంది.

ఇవి మాత్రం మరవకండి:
* తినే సోడా వేరు, బట్టలుతికే సోడా వేరు. రెండూ తెల్లగానే ఉంటాయి. ప్యాకెట్టు మీద సోడియం బైకార్బొనేట్ అని ఉంటేనే వాడాలి. సోడియం కార్బొనేట్ అని ఉంటే అది బట్టలసోడా, నోట్లోకి పోకూడదు. డబ్బాల్లో పోసుకునే అలవాటుంటే పేర్లు అంటించి పెట్టుకోండి. పిల్లలు చేతులు పెట్టే పనిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం.
* సోడా పాతబడిందేమోనని అనుమానం వస్తే చిటికెడు తీసి నిమ్మరసం చుక్క వేయండి. బుసబుసమంటే బాగున్నట్టే.
* బడికి నిమ్మనీళ్లు ఒక సీసాలో, సోడా పొట్లంలో విడివిడిగా పంపండి. కలిపి మూత బిగిస్తే వాయువు ఒత్తిడికి మూత ఎగిరిపోవచ్చు, సీసా పగలొచ్చు.
* గాజు లేదా స్టీలు గ్లాసులే వాడండి. పులుపుకి రాగి, ఇత్తడి చిలుమెక్కుతాయి.
* సరదాకి ఒక్క చిన్న గ్లాసు చాలు. సోడాలోనూ ఉప్పులో ఉండే సోడియమే ఉంటుంది కాబట్టి రక్తపోటు ఉన్న పెద్దవాళ్లు రుచి చూడటానికి ఒక్క గుక్కతో సరిపెట్టుకోవాలి.

ముందురోజు సాయంత్రం ఇంట్లో ఒకసారి చేయించి, మీరే టీచరులా ఎదురుగా కూర్చుని "ఎందుకు పొంగింది?" అని అడగండి. తడబడితే జవాబు అందించకండి, ఇంకో గ్లాసు కలపనివ్వండి. తన మాటల్లో తను చెప్పేసిందంటే ఇక ప్రాజెక్టు అయిపోయినట్టే. నిమ్మకాయలు మాత్రం రెండు ఎక్కువే తెచ్చుకోండి, ఇంట్లోవాళ్లందరూ "నాకో గ్లాసు" అనడం ఖాయం!