సంధి యశ మెవరిది?

యుద్ధము ముగిసినప్పుడెల్ల సంధి కుదిర్చినవారికి పూలమాలలు వేయుట లోకమునకు పరిపాటి. 1905 సెప్టెంబరు 5వ తేదీన అమెరికాలోని పోర్ట్స్‌మతులో రష్యా జపానుల నడుమ సంధి జరిగెను. మధ్యవర్తియగు అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టునకు 1906లో నోబెలు శాంతి బహుమానము లభించెను. ఉభయపక్షములను ఒకచోటికి చేర్చి, సంప్రదింపులు చెడనున్న వేళ పట్టువిడువక నచ్చజెప్పినవాడాయన. ఆ మేరకు కీర్తి న్యాయమే.

కాని అప్పటికే జపానుకు ధనము కరవయ్యెను. రష్యాలో విప్లవము చెలరేగెను. ఈ యక్కరలు లేనిచో మధ్యవర్తి మాట చెల్లియుండునా? యుద్ధనష్టపరిహారము రాబట్టలేకపోయిన జపాను ప్రతినిధి కొమూరాకు స్వదేశమున నిందయే మిగిలెను. టోకియోలో అల్లరులు జరిగెను.

ఇంతకును కొరియా నడిగినవారెవరు? అచ్చట జపాను ప్రాబల్యమును ఆ సంధియే యంగీకరించెను. 1905 నవంబరులో కొరియా జపాను రక్షితరాజ్యమయ్యెను. రూజ్వెల్టు ప్రభుత్వము సియోలునుండి తన రాయబారమును మరలించుకొనెను. 1910లో జపాను ఆ దేశమును పూర్తిగా కబళించెను.

కావున పాఠకులారా! దేశనాయకుల దౌత్యమును కొనియాడుటకు ముందు జమతోపాటు ఖర్చును చూడుడు. సంధివలన శాంతి పొందినవారెవరో, దానికి వెల చెల్లించినవారెవరో విచారింపుడు. జమలో వాటా గోరు నాయకుడు ఖర్చునకును బాధ్యుడే.